హై కిక్‌లో దెబ్బతిన్న తొడ వెనుక కండరం: మళ్లీ పూర్తి ఎత్తుకు కాలు ఎప్పుడు లేపవచ్చు?

ప్రశ్న:
టైక్వాండో సాధనలో నేరియో చాగి వేస్తుండగా, అంటే మోకాలు చాచిన కాలిని తల ఎత్తుకు లేపి మడమతో కిందికి కొడుతుండగా, కుడి తొడ వెనుక, పిరుదు మడతకు దగ్గరగా కలుక్కుమంది. వాపు పెద్దగా రాలేదు, కమిలిన గుర్తు కూడా లేదు, మర్నాటికే నడవగలిగాను. కొన్ని వారాలు గడిచాక ఇప్పుడు మెట్లు ఎక్కడానికి, నెమ్మదిగా పరుగెత్తడానికి ఏ ఇబ్బందీ లేదు. అయితే గట్టి కుర్చీలో ఎక్కువసేపు కూర్చున్నా, ముందుకు వంగినా అదే చోట నొప్పి తెలుస్తోంది, నడుము దాటి కాలు విసరాలంటే జంకు కలుగుతోంది. రోజూ బాగా స్ట్రెచింగ్ చేస్తే పట్టు వదులుతుందని తోటి సాధకులు అంటున్నారు. ఇది సరైన సలహాయేనా?

మొదటి జవాబు:
ఇప్పుడే బలంగా సాగదీయవద్దని నా గట్టి అభిప్రాయం. హామ్‌స్ట్రింగ్ (తొడ వెనుక కండరాల) గాయాలన్నీ ఒకే రకానివి కావు. వేగంగా పరుగెత్తేటప్పుడు ఎక్కువగా వీటిలో బయటివైపు ఉండే బైసెప్స్ ఫిమోరిస్ దెబ్బతింటుంది. కాలు అతిగా సాగినప్పుడు సాధారణంగా లోపలివైపు ఉండే సెమీమెంబ్రనోసస్, అందులోనూ మనం కూర్చునే ఎముకకు దగ్గరగా, కండరాన్ని ఆ ఎముకకు కలిపే స్నాయువు భాగం దెబ్బతింటుంది. మీరు చెప్పిన చోటు, కూర్చుంటే వచ్చే నొప్పి ఈ రెండో రకాన్నే సూచిస్తున్నాయి. ఇది మొదట్లో స్వల్పంగా కనిపించినా మానడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది. స్వీడన్‌కు చెందిన కార్ల్ ఆస్క్లింగ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనాలలో, పరుగులో గాయపడిన అథ్లెట్లు మునుపటి స్థాయికి చేరడానికి మధ్యస్థంగా 16 వారాలు పట్టగా, సాగదీతలో గాయపడిన నృత్య కళాకారులకు 50 వారాలు పట్టింది. కాబట్టి పరుగు క్రీడాకారుల గడువుతో మీ కోలుకునే తీరును పోల్చుకుని దిగులుపడకండి.

స్నాయువుకు కావలసింది లాగడం కాదు, సాగిన స్థితిలో క్రమంగా పెరిగే భారం. ఉదాహరణకు వెల్లకిలా పడుకుని, తొడను నిటారుగా లేపి రెండు చేతులతో పట్టుకుని, నొప్పి మొదలయ్యే చోటుకు కాస్త ముందే ఆగేటట్లు మోకాలిని నెమ్మదిగా చాచాలి. ఆస్క్లింగ్ పద్ధతిలో దీన్ని రోజుకు రెండుసార్లు, 12 చొప్పున మూడు విడతలు చేయిస్తారు. ఆ తర్వాత ఒంటికాలిపై నిలిచి ముందుకు వంగే వ్యాయామం, గాయపడిన కాలి మడమపై బరువు మోపి రెండో కాలిని వెనక్కి జార్చే వ్యాయామం వస్తాయి. ఈ చివరి రెండూ రోజూ చేసేవి కావు. ఫిజియోథెరపిస్టు ఒకసారి ప్రత్యక్షంగా చూసి సరిదిద్దితే ఎంతో మేలు.

రెండవ జవాబు:
పై జవాబుతో ఏకీభవిస్తూ, శిక్షణ ఇచ్చే వ్యక్తిగా కిక్‌ల సంగతి చెబుతాను. ఎత్తునూ వేగాన్నీ ఒకేసారి పెంచవద్దు. ముందు నెమ్మదిగా, నియంత్రణలో, తక్కువ ఎత్తులో వేయండి. అది మర్నాడు కూడా నొప్పి లేకుండా సాగితే అదే ఎత్తులో వేగం పెంచండి. ఆ పిమ్మటే మళ్లీ వేగం తగ్గించి ఎత్తు పెంచండి. డోల్యో చాగిలో, అంటే నడుము తిప్పుతూ పక్క నుంచి కొట్టే కిక్‌లో, కాలు విసిరేటప్పుడు ఈ కండరం సాగుతూనే కాలి వేగానికి అడ్డుకట్ట వేస్తుంది, ఆ వెంటనే మోకాలిని మడిచి వెనక్కి లాక్కుంటుంది. అందుకే గాలిలో పూర్తి బలంతో విసిరే కిక్ కంటే ప్యాడ్‌కు తగిలి ఆగే కిక్ మొదట్లో కొంత నయం. మోకాలు నిటారుగా ఉండే నేరియో చాగిని అన్నిటికన్నా చివర మొదలుపెట్టండి. ఎడమ కాలితో కొట్టేటప్పుడు మీ బరువంతా గాయపడిన కాలిపైనే తిరుగుతుందన్న సంగతినీ మరవకండి. ఆ కాలు కేవలం ఆనికగా ఉన్నప్పటికీ దానికి విశ్రాంతి దొరకదు.

మూడవ జవాబు:
ఈ ప్రశ్న చదివే ఇతరులకు ఒక హెచ్చరిక: దెబ్బ తగిలిన క్షణంలో తెగినట్లు శబ్దం వినిపించినా, తొడ వెనుక విస్తారంగా నల్లబడినా, కాలిపై బరువు మోపలేకపోయినా, పాదం వరకు తిమ్మిరి వచ్చినా వ్యాయామాల గురించి ఆలోచించకుండా వెంటనే వైద్యుణ్ణి కలిసి ఎంఆర్ఐ అవసరమేమో తెలుసుకోండి. స్నాయువు ఎముక నుంచి ఊడిపోయిన సందర్భాల్లో ఆలస్యమయ్యే కొద్దీ శస్త్రచికిత్స కష్టమవుతుంది. ఎదుగుదల ఇంకా పూర్తికాని పిల్లల్లో స్నాయువుతోపాటు ఎముక ముక్కే విడిపోయే అవకాశం ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా స్పష్టంగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. నొప్పి పూర్తిగా పోయిన తర్వాత కూడా ఈ జంకు మిగిలితే, దాన్ని మనసుకు సంబంధించినదిగా భావించి స్పారింగ్‌కు, అంటే ప్రత్యర్థితో తలపడే సాధనకు, వెళ్లవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వెళ్లవద్దు. ఆ జంకును పిరికితనంగా తీసిపారేయకండి, దాన్ని పరీక్షగా వాడే పద్ధతే ఉంది. మామూలు పరీక్షలన్నీ నొప్పి లేకుండా పూర్తయ్యాక, వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా పట్టీ కట్టి, కాలిని వీలైనంత వేగంగా పైకి లేపమంటారు. అప్పుడు నొప్పి లేకపోయినా అభద్రత అనిపిస్తే ఆటకు తిరిగి వెళ్లడాన్ని వాయిదా వేస్తారు. తొలిసారే దీన్ని ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించకుండా ఫిజియోథెరపిస్టు సమక్షంలో చేయండి. అందులో రెండు కాళ్లూ ఒకే ధైర్యంతో లేచినప్పుడు స్పారింగ్ మొదలుపెట్టండి, అదీ తొలి రౌండ్లకే పరిమితం చేసుకోండి, ఎందుకంటే అలసిన కండరం వేగాన్ని సరిగా ఆపలేదు.