సమస్యాపూరణం: ‘కొడుకుకంటెఁ దండ్రి కుఱ్ఱఁడయ్యె’

నిర్వాహకుడు:
బెంగళూరు పద్యమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, మొదటి మూడు పాదాలు మీరు రాసి పూరించాలి:

కొడుకుకంటెఁ దండ్రి కుఱ్ఱఁడయ్యె

విషయం: పిల్లల కోసం వెళ్ళి కూర్చున్న కుటుంబ హాస్య యానిమేషన్ సినిమా, పెద్దవాళ్ళకు అనుకోకుండా నచ్చడం. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణం అంటే గురులఘువుల చిన్న గుంపు). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో మైత్రి కలవాలి. ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది, ప్రాస నియమం లేదు. ఈ ఊళ్ళో కన్నడ పద్యం కూడా రాసేవారు చాలామంది ఉన్నారు. అక్కడ రెండో అక్షరం ప్రాస తప్పనిసరి, మన యతిమైత్రి పట్టింపు లేదు. ఆ అలవాటుతో ఆటవెలది రాస్తే చెవికి అంతా బాగానే ఉంటుంది, యతి మాత్రం జారిపోతుంది. పంపే ముందు ప్రతి పాదంలో నాలుగో గణం కింద గీత పెట్టి చూసుకోండి.

తండ్రి కొడుకుకంటే చిన్నవాడు కావడం అసంభవం. అది ఎలా సంభవమైందో మొదటి మూడు పాదాల్లోనే కనపడాలి.

మల్లేశ్వరం మిత్రుడు:
శుక్రశాపవహ్ని సోకి ముదుసలియై
పూరు యౌవనమును బొంది తిరిగి
భోగవాంఛఁ దేలఁ బోయె యయాతియె
కొడుకుకంటెఁ దండ్రి కుఱ్ఱఁడయ్యె

నిర్వాహకుడు:
నిర్దుష్టం. శు–సో, పూ–బొ, భో–బో, యతులన్నీ కుదిరాయి. యయాతి తన ముసలితనం కొడుకు పూరునికిచ్చి యౌవనం పుచ్చుకున్న కథ ఈ సమస్యకు రాచబాట. అయితే మీ పద్యంలో సినిమా లేదు. విషయం ఇచ్చినప్పుడు పురాణం పోలికగానైనా దాన్ని తాకాలి. మెచ్చుకుంటూనే పోటీకి వెలుపల ఉంచుతున్నాను.

జయనగర్ మిత్రురాలు:
బొమ్మలాట యేమి బోధించు ననువాఁడు
తెరను జూచినంత దిగులు మఱచె
పొట్ట పట్టుకొనుచుఁ బొంగి పొరల నవ్వె
కొడుకుకంటెఁ దండ్రి కుఱ్ఱఁడయ్యె

నిర్వాహకుడు:
అమ్మా, ధార చాలా బాగుంది. ‘బోధించు ననువాఁడు’ అని చిన్నచూపుతో మొదలుపెట్టి నవ్వుదాకా తీసుకెళ్ళారు, విషయమంతా అందులోనే ఉంది. లోపమల్లా రెండో పాదంలో. తెర చూశాడు, దిగులు మరిచాడు. దేన్ని చూసి? నవ్వించిన వస్తువు పద్యంలో లేకపోతే ఆ నవ్వును పాఠకుడు నమ్మడు. ఒక్క దృశ్యం చాలు:

పిల్లి సాఁగి సాఁగి బిళ్ళ గాఁగ

వైట్‌ఫీల్డ్ సోదరి (యానిమేషన్ నేర్పుతారు):
ఈ సవరణలో మా విద్య మొదటి పాఠం ఉంది. బొమ్మను సాగదీసినా నొక్కినా దాని ఘనపరిమాణం మారినట్టు అనిపించకూడదు. పొడవు పెంచితే వెడల్పు తగ్గించాలి. తగ్గించకపోతే పిల్లి సాగినట్టు ఉండదు, ఉబ్బినట్టు ఉంటుంది, నవ్వు రాదు. ఇంకొకటి: పడబోయే ముందు పిల్లి కొన్ని ఫ్రేములు (వరసగా తెర మీదికి వచ్చే నిశ్చల చిత్రాలు) కదలకుండా నిలవాలి. ఆ ఆగడంలో పెద్దవాళ్ళకు జరగబోయేది తెలిసిపోతుంది, పిల్లలకంటే ముందే నవ్వుతారు. ‘సాఁగి సాఁగి’ అనే రెట్టింపు పద్యంలో సరిగ్గా ఆ పనే చేస్తోంది.

మారతహళ్ళి మిత్రుడు:
ఇరువదియును నాల్గు హేలగాఁ బటములు
తండ్రి యడుగులందుఁ దనరుచుండ
సగము పటములంద సాగఁగాఁ దనయుండు
కొడుకుకంటెఁ దండ్రి కుఱ్ఱఁడయ్యె

నిర్వాహకుడు:
ఇ–హే యతి చక్కగా పడింది. శాస్త్రం సంగతి సోదరి చెప్పాలి.

వైట్‌ఫీల్డ్ సోదరి:
సెకనుకు 24 ఫ్రేములు సరే. బొమ్మకు రెండేసి ఫ్రేములిస్తే 12 బొమ్మలే పడతాయి, అదీ సరే. కానీ అంత మాత్రాన కొడుకు ముసలివాడిలా కనపడడు. కదలికకు పట్టే కాలం మారదు, బొమ్మల సంఖ్యే మారుతుంది. చేత్తో గీసిన హాస్యానికి రెండేసి ఫ్రేముల పద్ధతి చురుకుదనం ఇస్తుంది కూడా. వయసు తెలిసేది అడుగుకు పట్టే ఫ్రేముల్లో: కార్టూను నడకకు 8, మామూలు నడకకు 12, ముసలి నడకకు 20 దాకా. మీ ఊహ పాడవకుండా ఇలా మార్చవచ్చు:

ఎనిమిదింటఁ దండ్రి యెత్తివైచె నడుగు
నిరువదింట నడుగు నీడ్చె సుతుఁడు
పటము లెక్క మార్చి పాత్రల నడపంగ
కొడుకుకంటెఁ దండ్రి కుఱ్ఱఁడయ్యె

నిర్వాహకుడు:
‘ఎత్తివైచె’ పక్కన ‘ఈడ్చె’! రెండు క్రియల్లోనే రెండు వయసులు కనిపిస్తున్నాయి.

యలహంక మిత్రుడు:
తలను బెద్దఁ జేసి మొండెము కుదించి
కనులు గుండ్రఁ జేసి గడ్డ మడఁచి
చిత్రకారు లిట్లు చెక్కంగఁ దెరమీఁద
కొడుకుకంటెఁ దండ్రి కుఱ్ఱఁడయ్యె

నిర్వాహకుడు:
ఊహ కొత్తది, మొదటి పాదంలో మాత్రం రెండు దోషాలున్నాయి. త–మొ యతి చెల్లదు. ‘కుదించి’ జగణం (లఘువు, గురువు, లఘువు), ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. ‘తనువు కుదించిరి’ అంటే రెండూ తీరిపోతాయి: తనువుకు (నల గణం), దించిరి (భ గణం) రెండూ ఇంద్రగణాలే, త–త యతి.

వైట్‌ఫీల్డ్ సోదరి:
పెద్ద తల, పెద్ద కళ్ళు, చిన్న గడ్డం (చుబుకం) చూస్తే మనకు పసితనం తోస్తుందని జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కొన్‌రాడ్ లోరెంజ్ 1943లో రాశారు. పాత్రల రూపకల్పనలో ఇప్పటికీ అదే కొలత. రెండో పాదంలో గడ్డాన్ని వదలకుండా పట్టుకున్నారు, చాలామంది కళ్ళ దగ్గరే ఆగిపోతారు.

కోరమంగళ మిత్రుడు:
తెరను దండ్రి వయసు తిష్ఠవేసి నిలిచె
పదియు నాలుగేండ్లు పాఱి చనియె
చూచినట్టి పట్టి సుతులఁ దోడ్కొని వచ్చె
కొడుకుకంటెఁ దండ్రి కుఱ్ఱఁడయ్యె

ఆధారం: యానిమేషన్ సినిమా ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ 2004లో వచ్చింది, రెండో భాగం 2018లో. మొదటిది ఆగిన చోటే రెండోది మొదలవుతుంది.

నిర్వాహకుడు:
‘తిష్ఠవేసి’ ప్రాణం పోసింది. 14 ఏళ్ళలో ‘సుతులు’ అని బహువచనం కాస్త తొందర. ‘సుతునిఁ దోడ్కొని వచ్చె’ అన్నా గణాలు మారవు. అన్వయంలో ఒక చిక్కు ఉంది: హాల్లో కొడుకూ తెరమీద తండ్రీ ఒక కుటుంబం కాదు. ఆ సినిమాలోనే తండ్రీకొడుకులున్నారు కదా, వాళ్ళ వైపు తిప్పలేరా?

వైట్‌ఫీల్డ్ సోదరి:
తిప్పవచ్చు. తండ్రి పాత్రకు రెండు భాగాల్లోనూ క్రెయిగ్ టి. నెల్సనే గొంతిచ్చారు. కొడుకు డాష్‌కు మొదట గొంతిచ్చిన స్పెన్సర్ ఫాక్స్ ఈలోగా పెద్దవాడైపోతే, రెండో భాగానికి హక్ మిల్నర్ అనే పిల్లవాణ్ణి తెచ్చుకోవలసి వచ్చింది. కొడుకు గొంతు పెరిగిపోయింది, తండ్రి గొంతు నిలిచింది. మూడో పాదంలో ‘గొంతు’ అనే మాట పడితే అన్వయం దానంతటదే కుదురుతుంది.

నిర్వాహకుడు:
కోరమంగళ మిత్రమా, ఆ పాదం తిరిగి రాసి పంపండి, మీ కోసం ఒక స్థానం ఆపుతాను. సవరించిన రెండో పాదంతో జయనగర్ వారి పద్యానికి ప్రథమ స్థానం: చిన్నచూపు, దాన్ని పోగొట్టిన దృశ్యం, నవ్వు మూడూ వరసగా ఉన్నది అందులోనే. యలహంక వారిది ద్వితీయం.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే: ‘మాట లేని చోట మాట పుట్టె’. సంభాషణ లేని యానిమేషన్ దృశ్యం మీద పూరించండి. మొదటి మూడు పాదాల్లో ‘మాట’ రాకుండా చూసుకోండి.