నికోటిన్ గమ్ నములుతూ సిగరెట్ మానితే అది మానడమే అవుతుందా?

లెక్కలగుమాస్తా (మంగళవారం, ఉదయం 6:40)

సభ్యులందరికీ నమస్కారం. నాకు 39 ఏళ్ళు. విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తాను. 17 ఏళ్ళుగా రోజుకు పదిహేను సిగరెట్ల దాకా కాల్చిన నేను మొన్న శుక్రవారం రాత్రి ఆఖరిది కాల్చి ఆపేశాను. ఈ రోజు నాలుగో రోజు. నిన్న ఆఫీసులో ఒకే వరుసను మూడుసార్లు కూడితే మూడు వేర్వేరు మొత్తాలు వచ్చాయి. రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తే తెల్లవారే దాకా కన్ను మూత పడటం లేదు. నోరు పీకుతోంది, అరచేతులు చెమట పడుతున్నాయి, ఎవరు పలకరించినా చిరాకు పుడుతోంది. మందుల షాపు నుంచి 2 మి.గ్రా. నికోటిన్ గమ్ తెచ్చుకున్నాను గానీ అట్ట ఇంకా చింపలేదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన దాన్ని చూసి, "సిగరెట్‌లో ఉన్నదీ నికోటినే, ఇందులో ఉన్నదీ నికోటినే, మరి నువ్వు మానినదేమిటి?" అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

గోదారిగట్టు (మంగళవారం, ఉదయం 7:15)

మీ ఆఫీసు పెద్దాయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. కల్లు మానేసి సారా పట్టుకున్నవాణ్ణి తాగుడు మానినవాడని ఎవరూ అనరు. నేను 22 ఏళ్ళు కాల్చాను. 2014లో అయ్యప్ప మాల వేసుకున్న రోజు తెల్లవారుజామున గోదావరిలో మునిగి లేచి, గురుస్వామి చేతుల మీదుగా మాల మెడలో పడిన క్షణం నుంచి ఈ రోజు వరకు ఒక్క దమ్ము కొట్టలేదు. మొదటి వారం కాళ్ళూ చేతులూ పీకాయి, తల దిమ్మెక్కింది, నేల మీద చాప పరచుకుని పడుకుంటే కంటి మీద కునుకు లేదు. అయినా ఏ గమ్మూ వాడలేదు, ఏ బిళ్ళా మింగలేదు. మనిషి గట్టిగా అనుకుంటే 41 రోజులు చాలు. నాలుగు రోజులు నెగ్గుకొచ్చినవారు ఇప్పుడు ఆ అట్ట చింపితే ఆ నాలుగు రోజుల కష్టమూ బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

రాత్రిడ్యూటీ (మంగళవారం, ఉదయం 7:50)

మొదటి మూడు రోజులే గడ్డుకాలం, మీరు దాన్ని దాటేశారు. సోంపు దగ్గర పెట్టుకోండి.

మందులచీటీ (మంగళవారం, మధ్యాహ్నం 2:30)

26 ఏళ్ళుగా మందుల కొట్టు నడుపుతున్న మనిషిగా ఆ పెద్దాయన ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. సిగరెట్ మనిషిని లోబరచుకునేది నికోటిన్‌తోనే. అయితే ఊపిరితిత్తులనూ గుండెనూ తినేసేది ప్రధానంగా పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్, పొగాకు కాలినప్పుడు పుట్టే క్యాన్సర్ కారకాలు. గమ్‌లో అవేవీ ఉండవు. పైగా పీల్చిన పొగలోని నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది, మనిషి ఆ దెబ్బకే దాసుడవుతాడు. గమ్‌లోని నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా అరగంట పాటు కొంచెం కొంచెంగా ఎక్కుతుంది కాబట్టి ఆరాటాన్ని తగ్గిస్తుందే తప్ప ఆ దెబ్బ ఇవ్వదు. మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకొకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, ఆఖరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి చొప్పున తగ్గిస్తూ 12 వారాల్లో ఆపేయాలి. కల్లు మానినవాడికి సారాను ఈ లెక్కన తగ్గిస్తూ ఇచ్చేవారిని నేనెక్కడా చూడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నికోటిన్ గమ్‌నూ, చర్మానికి అంటించుకునే నికోటిన్ పట్టీనీ 2009లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన దేశపు జాబితాలోకి ఈ చికిత్స 2022లో వచ్చింది. దీన్ని దొంగదారి అనడం సరికాదు.

అయితే గమ్ పనిచేయలేదని నా కొట్టుకు తిరిగి వచ్చేవారిలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్ నమిలినట్టు చకచకా నమిలి లాలాజలం మింగేస్తారు. దానివల్ల వెక్కిళ్ళు, గుండెల్లో మంట వస్తాయి, ఆరాటం మాత్రం అలాగే ఉంటుంది. నెమ్మదిగా నాలుగైదుసార్లు నమలండి. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే నమలడం ఆపి, దాన్ని చిగురుకూ బుగ్గకూ మధ్య ఒదిగించి ఉంచండి. చురుకు తగ్గాక మళ్ళీ నాలుగుసార్లు నమిలి రెండో పక్కకు మార్చండి. ఇలా అరగంట చేయాలి. గమ్ వేసుకునే ముందు పావుగంట పాటు, అది నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, నిమ్మరసం, కూల్‌డ్రింకు ముట్టకూడదు. పులుపు తగిలిన నోరు నికోటిన్‌ను సరిగా పీల్చుకోదు.

ఇంకొక మాట. పొగలోని పదార్థాల వల్ల కాలేయం కాఫీ, టీలలోని కెఫీన్‌ను మామూలు కంటే వేగంగా వదిలించుకుంటుంది. సిగరెట్ ఆపిన కొద్ది రోజుల్లోనే ఆ వేగం పడిపోతుంది. రోజుకు తాగే టీలు మునుపటన్నే అయినా ఒంట్లో నిలిచే కెఫీన్ దాదాపు రెట్టింపవుతుంది. రాత్రి రెండింటి మెలకువకూ చేతుల చెమటకూ సగం కారణం అదే కావచ్చు. టీ సగానికి తగ్గించి చూడండి.

గోదారిగట్టు (మంగళవారం, సాయంత్రం 5:05)

అమ్మేవారు అమ్మే వస్తువు గురించి మంచిగానే చెబుతారు. నేనేమీ చదువులేనివాణ్ణి కాదు. 2016లో ఇంగ్లాండులో సుమారు 700 మంది మీద చేసిన పరిశోధనలో, క్రమంగా తగ్గించుకుంటూ వచ్చినవారి కంటే ఒక్కసారిగా ఆపినవారే ఎక్కువమంది నిలబడ్డారని తేలింది. దీనికి ఏమంటారు?

మందులచీటీ (మంగళవారం, సాయంత్రం 5:40)

ఆ పరిశోధనను మీరు సగమే చదివారు. నాలుగు వారాల తర్వాత ఒక్కసారిగా ఆపినవారిలో 49 శాతం, తగ్గించుకుంటూ వచ్చినవారిలో 39 శాతం నిలబడిన మాట నిజం. కానీ అందులో రెండు జట్లకూ నికోటిన్ పట్టీలు ఇచ్చారు, మానిన తర్వాత గమ్ వంటివి కూడా ఇచ్చారు. ఒక్కసారిగా అంటే ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు నుంచి సిగరెట్ ముట్టకపోవడం. మందు లేకుండా మానడమని అక్కడ అర్థం కాదు. మీరు చూపించిన సాక్ష్యం నా మాటనే బలపరుస్తోంది.

గోదారిగట్టు (మంగళవారం, సాయంత్రం 6:10)

నా సాక్ష్యం నా ఒళ్ళు. 2014 నుంచి ఈ రోజు దాకా. ఆ పట్టీ వేసుకున్నవారిలో ఇన్నేళ్ళు నిలబడినవారు ఎందరో చెప్పండి.

కొబ్బరితోట (మంగళవారం, సాయంత్రం 6:25)

మా బావగారు గమ్ వాడే మానారు. నాలుగేళ్ళయింది.

శారద_హనుమకొండ (మంగళవారం, రాత్రి 9:10)

గోదారిగట్టు గారూ, దీక్ష గురించి మీరు రాసినది చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. మా వారు ఆరేళ్ళు వరుసగా మాల వేసుకున్నారు. ప్రతి ఏటా 41 రోజులు సిగరెట్ ముట్టలేదు. ప్రతి ఏటా శబరిమల నుంచి తిరిగి వచ్చి, మాల తీసిన రోజు సాయంత్రమే వీధి చివరి పాన్ డబ్బా దగ్గర నిలబడ్డారు. మానిన బాధ రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుందని డాక్టరు గారు చెప్పారు. 41 రోజులంటే దాదాపు ఆరు వారాలు. ఒంట్లో బాధ పూర్తిగా పోయిన మనిషి ఆరుసార్లు మళ్ళీ ఎందుకు మొదలుపెట్టాడో మీ గట్టిగా అనుకోవడం నాకు చెప్పగలదా?

అసలు నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి. ఈ జనవరిలో ఆయన మాల లేకుండా మానడానికి ప్రయత్నించారు. తొమ్మిది రోజులు. మూడో రోజు అన్నం కొంచెం మెత్తబడిందని కంచం గోడకేసి కొట్టారు. పప్పు మరక సున్నం మీద ఇప్పటికీ ఉంది. మా అబ్బాయి స్కూలు నుంచి రాగానే నాన్న ఇంట్లో ఉన్నాడా అని అడిగి, ఉన్నాడంటే పై వాటా వాళ్ళింటికి వెళ్ళి కూర్చునేవాడు. అదేమని అడిగితే, "మానుతున్నాను కదా, ఆ మాత్రం ఓర్చుకోలేరా?" అన్నారు. అదే మనిషి మాలలో ఉన్నప్పుడు నేను పప్పులో ఉప్పు వేయడం మరచిపోతే స్వామి శరణం అనుకుని తినేశారు. ఒళ్ళు అదే, నికోటిన్ అదే, మొదటి వారమూ అదే. మాలలో అణగిన కోపం మాల లేనప్పుడు ఎందుకు అణగలేదు? పదో రోజు ఆయన మళ్ళీ కాలిస్తే మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. భర్త సిగరెట్ ముట్టించాడని భార్య సంతోషించింది. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు.

గోదారిగట్టు (మంగళవారం, రాత్రి 9:45)

అమ్మా, మీ ఇంటి గొడవలోకి దీక్షను లాగవద్దు. మాల తీసిన రోజే పాన్ డబ్బాకు వెళ్ళినవారిది భక్తి లోపం, దీక్ష లోపం కాదు. ఇరవై ఏళ్ళ అలవాటును మానేవాడు ఎంత నరకం చూస్తాడో పక్కనున్నవారికి తెలియదు. ఇంట్లోవారు నాలుగు రోజులు ఓర్చుకోవాలి. నేను మానినప్పుడు మా ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. అందుకే నిలబడగలిగాను.

శారద_హనుమకొండ (మంగళవారం, రాత్రి 9:58)

నోరెత్తలేదంటే వారికి బాధ లేదని మీరు అనుకుంటున్నారు. ఎందుకు ఎత్తలేదో మీ ఇంటావిడను ఎప్పుడైనా అడిగారా? ఈ రోజు పొద్దుటి నుంచి గమ్ మంచిదా కాదా అని మీరిద్దరూ వాదించుకుంటున్నారు. మానే మనిషి ఏం నమలాలన్నది నాకు పెద్ద విషయం కాదు. ఆయన పడే బాధలో మా వంతు ఎంత, దాన్ని మా మీద వేసే హక్కు ఆయనకు ఎవరిచ్చారు అన్నదే నా ప్రశ్న.

పాతపోస్టుమాన్ (మంగళవారం, రాత్రి 10:05)

పెద్దలు కొంచెం శాంతించండి. శారదమ్మ అడిగినది న్యాయమైన ప్రశ్న.

మందులచీటీ (బుధవారం, ఉదయం 7:20)

శారదమ్మా, మీరు రాసినది రాత్రి రెండుసార్లు చదివాను. చిరాకు, కోపం, దిగులు, ఏకాగ్రత లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, విపరీతమైన ఆకలి ఇవన్నీ నికోటిన్ ఆగినందువల్ల వచ్చే లక్షణాలే. అవి నటన కాదు. రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటలకొకసారి సగానికి పడిపోతుంది కాబట్టి రెండో రోజుకల్లా ఒళ్ళు దాదాపు ఖాళీ అవుతుంది, మొదటి వారమే అన్నిటికంటే కష్టంగా ఉంటుంది. కానీ కోపం రావడం వేరు, కంచం విసరడం వేరు. ఆ తేడాను మీవారి మాలే చూపించింది.

మాలలో ఉన్నవారికి రోజంతా మారిపోతుంది. తెల్లవారకముందే చన్నీటి స్నానం, పొద్దునా సాయంత్రమూ పూజ, పక్కన మరో పదిమంది స్వాములు ఉంటారు. టీ కొట్టు దగ్గర నిలబడటం ఉండదు, తోటి ఉద్యోగి సిగరెట్ చాపడు, ఇంట్లోవారు కూడా స్వామీ అనే పిలుస్తారు. ఆరాటం ఒక్కొక్క అలగా వచ్చి కొద్ది నిమిషాల్లో పోతుంది. ఆ నిమిషాల్లో చేతికి ఒక పని, నోటికి ఒక మాట సిద్ధంగా ఉంటాయి. మాల తీసిన రోజు అవన్నీ ఒక్కసారిగా పోయి పాత వీధి, పాత స్నేహితులు, పాత టీ తిరిగి వస్తాయి. అందుకే దాన్ని భక్తి లోపమని నేను అనను. గోదారిగట్టు గారు మాల తీశాక కూడా నిలబడ్డారంటే అది గొప్ప విషయమే. ఆయన దారి అందరికీ పట్టదని మాత్రమే నా వాదన.

గోదారిగట్టు (బుధవారం, ఉదయం 8:00)

గొప్ప అని నేను ఎక్కడా చెప్పుకోలేదు. జరిగినది చెప్పాను.

లెక్కలగుమాస్తా (బుధవారం, రాత్రి 8:30)

శారద గారి మాటలు చదివాక నేను మొదట అడగని విషయం చెప్పాలనిపించింది. ఆదివారం, అంటే రెండో రోజు, మా పాప పెన్సిల్ డబ్బా కింద పడేసింది. రేకు డబ్బా. ఆ చప్పుడుకు నేను ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటివారు తలుపు తీసి చూశారు. ఎనిమిదేళ్ళ పిల్ల. ఏడవకుండా నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని పెన్సిళ్ళు ఒక్కొక్కటీ చప్పుడు కాకుండా డబ్బాలో పెట్టింది. అప్పటి నుంచి నేను గదిలోకి వస్తే తను లేచి వంటింట్లోకి పోతోంది. నేను గమ్ కొన్నది సోమవారం ఉదయం. అట్ట చింపకుండా మిమ్మల్ని అడిగింది పెద్దాయన మాట వల్లనని అనుకున్నాను. నిజానికి మందు లేకుండా మానిన మగాడిననిపించుకోవాలన్న కోరిక కూడా నాలో ఉంది. ఆ కోరిక ఖరీదు మా పాప కడుతోంది.

నిన్న రాత్రే అట్ట చింపాను. మందులచీటీ గారు చెప్పినట్టే బుగ్గన పెట్టుకున్నాను, చురుకు తెలిసింది. సిగరెట్ పెట్టె మీద ఉండే 1800-11-2356 నంబరుకు ఈ మధ్యాహ్నం ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. కోపం తన్నుకొస్తున్నప్పుడు ఇంట్లోవారికి ఒక్క మాట చెప్పి బయటికి నడవమన్నారు. సాయంత్రం పాపను కూర్చోబెట్టుకుని, "నాన్న ఒక మందు వేసుకుంటున్నాడు, కొన్ని రోజులు చిరాకుగా ఉంటాడు, తప్పు నీది కాదు" అని చెప్పాను. తల ఊపింది కానీ నా పక్కకు రాలేదు.

శారద_హనుమకొండ (బుధవారం, రాత్రి 9:00)

వస్తుంది తమ్ముడూ. తొందరపెట్టకండి, రోజూ చెప్పండి.

గోదారిగట్టు (శుక్రవారం, ఉదయం 6:30)

రెండు రోజులుగా ఇక్కడికి రాలేదు. శారదమ్మ అడగమన్న మాట ఇంట్లో అడిగాను. దీక్షలో ఉన్న రోజుల గురించి మా ఆవిడ ఏమీ అనలేదు. మాల తీశాక వచ్చిన రెండు నెలలు మీకు గుర్తున్నాయా అని అడిగింది. నాకు గుర్తు లేవు. ఆ రెండు నెలల్లో నేను వీధి గేటు తీసిన చప్పుడు వినబడగానే పిల్లలు టీవీ ఆపేసేవారట. పెద్దవాడికి పెళ్ళయింది, ఇప్పుడు బెంగళూరులో ఉంటాడు. అప్పట్లో ఒక్కసారైనా నాతో చెప్పలేదు.

గమ్ విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఇంట్లోవారు ఓర్చుకోవాలని రాసిన మాటను మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

శారద_హనుమకొండ (శుక్రవారం, ఉదయం 10:20)

అన్నయ్యా, అడిగినందుకు నమస్కారం. మందులచీటీ గారూ, మా వారు మళ్ళీ ప్రయత్నిస్తానంటున్నారు. ఆయన పొద్దున్న మంచం దిగకముందే ఒకటి ముట్టిస్తారు. ఆయనకు 2 మి.గ్రా. చాలుతుందా?

మందులచీటీ (శుక్రవారం, మధ్యాహ్నం 1:15)

నిద్ర లేచిన అరగంటలోపే ముట్టించేవారికి 4 మి.గ్రా. అవసరమవుతుంది. దానికి మేము డాక్టరు చీటీ అడుగుతాం. ఈమధ్య గుండెపోటు వచ్చి ఉన్నా, గుండె దడ ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ఆ సంగతి డాక్టరు గారికి ముందే చెప్పాలి. ఆయన వెళ్ళేటప్పుడు వీలైతే మీరూ వెంట వెళ్ళండి, జనవరిలో జరిగింది మీ నోటితోనే చెప్పండి. రోజుకు ఎన్ని కాలుస్తారో ఆయన చెప్పగలరు, ఇంట్లో ఏం జరిగిందో మీరే చెప్పాలి.