సాఫ్ట్‌వేర్ ఆలోచనలకు యంత్రాలతో సమానంగా పేటెంట్ ఇవ్వవచ్చా?

ప్రశ్న: కొత్త యంత్రాన్ని కనిపెట్టినవారికి 20 ఏళ్ల పేటెంట్ దక్కుతున్నప్పుడు, అంతే శ్రమతో కొత్త అల్గారిథమ్‌ను (కంప్యూటరు ఒక పనిని అంచెలంచెలుగా చేసే పద్ధతిని) రూపొందించినవారికి దాన్ని నిరాకరించడం అన్యాయమని నా అభిప్రాయం. కాపీరైట్ ప్రోగ్రాం పాఠాన్ని మాత్రమే కాపాడుతుంది; అందులోని ఉపాయాన్ని గ్రహించి మరోలా తిరగరాసినవారిని ఆపలేదు.

సమాధానం: శ్రమ గురించి మీరన్నది నిజమే. అయితే పేటెంట్ శ్రమకు ప్రతిఫలం కాదు. ఒక పనిని ఎలా చేయాలో లోకానికి విప్పి చెప్పినందుకు ఆ పద్ధతిపై కొంతకాలం ఇచ్చే హక్కు. సాఫ్ట్‌వేర్‌లో చాలాసార్లు పద్ధతిని కాక ఫలితాన్నే సొంతం చేసుకుంటున్నారు. అమెజాన్‌కు 1999లో దక్కిన 'ఒక్క క్లిక్' పేటెంట్ అలాంటిదే: కొనుగోలుదారు వివరాలను ముందే భద్రపరచి, ఒక్క నొక్కుతో ఆర్డరు తీసుకోవడంలో ఏ ప్రోగ్రామరుకూ తెలియని రహస్యమేమీ లేదు.

ఇంతకన్నా నన్ను ఎక్కువగా బాధించేది కంప్యూటరులో బొమ్మలను భద్రపరిచే గిఫ్ ఫార్మాట్ కథ. 1987లో వెలువడిన ఆ ఫార్మాట్ బొమ్మల పరిమాణాన్ని తగ్గించడానికి ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే పద్ధతిని వాడుకుంది. ఆ పద్ధతికి అప్పటికే పేటెంట్ ఉంది. ఏళ్ల తరబడి ఎందరో దాన్ని స్వేచ్ఛగా వాడుకున్నాక, 1994 చివర్లో, హక్కుదారైన యూనిసిస్ రుసుము కోరుతున్న సంగతి బయటపడింది. ఆ కలతలోంచే, గిఫ్‌కు బదులుగా, పీఎన్‌జీ అనే బొమ్మల ఫార్మాట్ పుట్టింది. ఒక మామూలు ప్రోగ్రాంలోనే వందలాది చిన్న పద్ధతులు కలిసి పనిచేస్తాయి కనుక, వాటిలో ప్రతిదానికీ ఎక్కడైనా హక్కుదారు ఉన్నారేమోనని వెతికి చూడటం ఒంటరిగా పనిచేసే ప్రోగ్రామరుకు సాధ్యం కాదు.

ప్రశ్న: అయితే సాఫ్ట్‌వేర్ ఉన్న దేనికీ పేటెంట్ వద్దంటారా? సందేశాలను ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చే ఆర్‌ఎస్‌ఏ గుప్తలేఖన పద్ధతి ఏ యంత్రానికి తీసిపోతుంది?

సమాధానం: అలా అనను. రబ్బరును ఎంతసేపు ఉడికించాలో కంప్యూటరుతో ఎప్పటికప్పుడు లెక్కించి అచ్చును తెరిచే ప్రక్రియకు పేటెంట్ అర్హత ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1981లో తీర్పిచ్చింది. అక్కడ లెక్క రబ్బరును మారుస్తోంది. పాత వ్యాపార పద్ధతిని మామూలు కంప్యూటరు మీద నడిపినంత మాత్రాన అర్హత రాదని అదే కోర్టు 2014లో చెప్పింది. ఈ రెండు తీర్పులూ నాకు సమ్మతమే.

ఆర్‌ఎస్‌ఏ విషయంలో మాత్రం నాకు తేలిగ్గా తేలడం లేదు. అది నిజమైన ఆవిష్కరణ, పద్ధతిని పూర్తిగా విప్పి చెప్పింది కూడా. కానీ 1983లో అమెరికాలో మంజూరైన ఆ పేటెంట్ 2000 సెప్టెంబరు దాకా ఉంది. సాఫ్ట్‌వేర్ రంగంలో అది ఒక యుగం. అలాంటివాటికి హక్కు ఇవ్వక తప్పదంటే, ఐదేళ్లకు మించి ఇవ్వకూడదు.