నిదానమా, నిధానమా? మా గోడమీది కాళహస్తి బట్టతో వచ్చిన తంటా

కలంపుల్ల:
పోయిన నెల అమ్మను తీసుకుని శ్రీకాళహస్తి వెళ్ళాను. క్యూలో ఊరికే నిలబడలేక ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలోని "ఏ వేదంబు పఠించె లూత" అందుకున్నాను. లూత అంటే సాలీడు. సాలీడూ పామూ ఏనుగూ చెంచు తిన్నడూ ఏం చదువుకున్నారు, జ్ఞానమిచ్చేది చదువులు కావు, స్వామి పాదసేవే అనే పద్యం. రెండు పాదాలు సాఫీగా నడిచాయి. మూడో పాదంలో "బోధావిర్భావ ని..." దగ్గర నాలుక ఆగిపోయింది. నిదానముల్లా, నిధానముల్లా?

నేనీ పద్యం పుస్తకంలో నేర్చుకోలేదు. మా హాల్లో ఒక అద్దకం బట్ట ఉంది. నా చిన్నప్పుడు అమ్మ కాళహస్తి నుంచి తెచ్చి, చాలా ఏళ్ళు పెట్టెలో మడతపెట్టి ఉంచి, తర్వాత ఫ్రేము కట్టించింది. నడుమ లింగం, పైన సాలెగూడు, చెరో పక్క పామూ ఏనుగూ, కింద తన కన్ను పెకలించుకుంటున్న తిన్నడు. అంచు చుట్టూ నల్లటి అక్షరాల్లో ఈ పద్యం. అన్నం తింటూ చూసి చూసి నోటికొచ్చేసింది. అందులో ఒత్తు ధ. అడుగున గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఇంటికొచ్చి శతకం తీస్తే మామూలు ద. గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుంటే అందరూ దాన్ని చూస్తున్నారు, నేను ఒత్తు గురించి ఆలోచిస్తున్నాను. అమ్మతో అంటే "వాయులింగం ముందు నిలబడి నీకిదా పని" అని కసిరింది.

గణవిభజన:
ఛందస్సు నుంచి సాయం ఆశించకండి. శార్దూలం. "బో" పై పాదంలో ఉండిపోయింది కాబట్టి మూడో పాదం "ధావిర్భా"తో మొదలు. మీ అక్షరం ఆరోది. ప్రాస రెండోదానికి, యతి పదమూడోదానికి. ఆవిర్భావలోని ఆకారానికీ అయ్యాలోని యాకూ మైత్రి కుదిరింది, అంతటితో సరి. ద అయినా ధ అయినా గురువే. ఆ ఒక్క అక్షరాన్నీ కాపలా లేకుండా వదిలేశాడు మహానుభావుడు.

అమరం కంఠస్థం:
ఇందులో చర్చేముంది? సంస్కృత నిఘంటువు అమరకోశం ఏమంటోంది? "హేతుర్నా కారణం బీజం నిదానం త్వాదికారణమ్". నిదానం అంటే ఆదికారణం. జ్ఞానం పుట్టడానికి చదువులు మూలకారణాలా? కావు. అర్థం అద్దంలా ఉంది. వైద్యులు రోగనిదానం అనేదీ ఇదే మాట. ధ పెడితే "జ్ఞానం పుట్టడానికి నిధులు" అవుతుంది. పుట్టడాన్ని ఎవరైనా నిధిలో దాచుకుంటారా?

పాతపుస్తకాల పురుగు:
అమరం ఒక్కటే చదివితే వచ్చే ఇబ్బంది ఇదేనండీ. నిధానం అంటే లంకెబిందెలే కావు. గీతలో తొమ్మిదో అధ్యాయం చూడండి, "ప్రభవః ప్రలయః స్థానం నిధానం బీజమవ్యయమ్". పక్కనే స్థానం, బీజం. అక్కడ నిధానం అంటే ఆశ్రయం, ఉనికిపట్టు. "జ్ఞానం ఆవిర్భవించే చోటు చదువులా?" అని ధూర్జటి అడిగితే తప్పేమిటి? నాకైతే ఇదే బాగుంది. కారణం అంటే తర్కశాస్త్రం వాసన కొడుతుంది. చదువుల్ని వెక్కిరించే పద్యంలో చదువుకున్నవాడి మాట ఎందుకు వాడతాడు?

అమరం కంఠస్థం:
వెక్కిరించాలంటే వాళ్ళ మాటతోనే వెక్కిరించాలి. "బోధావిర్భావ" అని అంత సమాసం కట్టినవాడు నిదానం దగ్గర జంకుతాడా? పైగా మీ గీతాశ్లోకంలో ప్రభవం వేరే, నిధానం వేరే. పుట్టుక సంగతి మొదటి మాటే చూసుకుంది. మీ సాక్షి నా పక్షమే చెబుతోంది.

పాతపుస్తకాల పురుగు:
సాక్షిని మీరు బెదిరిస్తున్నారు.

నెమ్మదస్తుడు:
నాదొక వెర్రి ఊహ. తెలుగులో నిదానం అంటే తాపీ కదా. చదువులతో జ్ఞానం నిదానంగా వస్తుంది, సేవతో చప్పున వస్తుంది అని శ్లేష ఉండకూడదా?

గణవిభజన:
ఉండకూడదు.

కరక్కాయ పాలు:
ముందుగా ఒక మాట. కలంపుల్ల గారూ, పేరు అంత బాగా పెట్టుకుని దాన్ని అద్దకం అంటారా? అచ్చులు అద్దేది పెడన, మచిలీపట్నం వైపు. కాళహస్తిది చేత్తో రాసేది, మావాళ్ళు రాతపని అనేవారు. కలంకారీ అన్నది పారశీకం నుంచి వచ్చిన మాట. అద్దకం అంటే పెడనవాళ్ళు నవ్వుతారు, కాళహస్తివాళ్ళు నొచ్చుకుంటారు.

ఇక మీ ఒత్తు. నేను కొన్నాళ్ళు ఆ పని నేర్చుకున్నాను కాబట్టి చెబుతున్నా. బట్టని ముందు కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ దింపుతారు. నల్లగీతకి కసిమి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టిన ద్రవం. కుండలో ఉన్నప్పుడు అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన బట్టకి తగిలిందా, నల్లబడుతుంది. వెదురుపుల్లకి చుట్టిన ఊలు కసిమిని పీల్చుకుని ఉంటుంది, వేళ్ళతో నొక్కుతూ రాయాలి. నొక్కు ఒక పిసరు ఎక్కువైతే అక్షరం చివర బొట్టు దిగుతుంది. పాల జిడ్డు చాలకపోతే ఆ బొట్టు కిందికి పాకుతుంది కూడా. ఉతికితే పోయేది కాదు. నేను రాసిన మొదటి బట్టలో "రామ" అన్నచోట ర కింద అలాగే తోక మొలిచింది. మా గురువుగారు చూసి "కొత్త అక్షరం కనిపెట్టావు, పేరేం పెడదాం" అన్నారు.

కాబట్టి మీ ధ నిజంగా ధ అని నేను నమ్మను. కసిమి బొట్టు.

పాతపుస్తకాల పురుగు:
తమకు నచ్చని పాఠం ఎక్కడ కనిపించినా "బొట్టు పడింది" అనేయొచ్చన్నమాట. భేష్.

స్వర్ణముఖి ఒడ్డు:
మాది కాళహస్తే. ఆ బట్టమీద గోపురం ఉందా? ఉంటే అది రాయలవారు 1516లో కట్టించిన ఏడంతస్తుల గోపురమే అయుండాలి. 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడు మీరు చూసొచ్చింది 2017లో కుంభాభిషేకం జరిగిన కొత్తది. కూలిన మర్నాడు నేను వెళ్ళాను. అక్కడ రాళ్ళగుట్ట. ఆ పాత గోపురం నీడలో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళడం చిన్నప్పటి అలవాటు. దయచేసి ఫొటో పెట్టండి.

కలంపుల్ల:
ఉందండీ, పై అంచులో చిన్నగా. అంతస్తులు లెక్కపెట్టాను, ఐదే వేశాడు. చోటు చాలక కాబోలు. అయినా అమ్మ దాన్ని చూపించి "ఇదిగో పాత గోపురం" అనే చెబుతుంది ఎవరొచ్చినా.

ధూర్జటి పక్షపాతి:
రాయలపేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. "స్తుతమతియైన యాంధ్రకవి ధూర్జటి పల్కుల కేల గల్గెనో యతులిత మాధురీమహిమ" అని రాయలవారు అబ్బురపడ్డట్టు చాటువు చెబుతారు కదా. తెనాలి రామకృష్ణుడి జవాబు ఇక్కడ రాయను, గుంపులో పెద్దవాళ్ళున్నారు. అంత మెచ్చిన రాజు కొలువులో ఉన్నాడని చెప్పుకునే కవే "రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు" అన్నాడు. ఆ కోపం ముందు ద ఏమిటి, ధ ఏమిటి? ఈ పద్యంలో నన్ను కట్టిపడేసేది "జంతుతతికిన్", అంటే ప్రాణికోటికి. సాలీడూ పామూ ఏనుగూ సరే, చెంచుని కూడా, ఆ వెంటే మనల్ని కూడా, ఒకే గాటన కట్టేశాడు.

గణవిభజన:
చెంచు అన్నారు కాబట్టి. "కరి చెంచే మంత్ర మూహించె" అని చాలామంది "చెంచే" ఒక మాటగా చదివేస్తారు. చెంచు, ఏ మంత్రము. యతి కోసం ఆ ఏకారం అక్కడ పడాలి. కలంపుల్ల గారూ, మీ బట్టమీద ఎలా విడగొట్టాడు?

కలంపుల్ల:
విడగొట్టలేదు. పద్యమంతా ఖాళీ లేకుండా ఒకే తీగలా పాకింది, అంచులోని లతల్లో కలిసిపోయి.

అమరం కంఠస్థం:
లూత సంగతి కూడా చెప్పాలి. "లూతా స్త్రీ తంతువాయోర్ణనాభమర్కటకాః సమాః". తంతువాయం అంటే నేతగాడూ అవును. మన సాలీడూ అంతే కదా. నేసినవాడి బట్టమీద నేసే పురుగు.

నెమ్మదస్తుడు:
మరి ఊరిపేరులో సాలీడు "శ్రీ" ఎలా అయింది? కాళం పాము, హస్తి ఏనుగు, సరే. సాలె అన్న మాటే అరిగి శ్రీ అయిందని నా అనుమానం.

అమరం కంఠస్థం:
స్థలపురాణంలో సాలీడు పేరే శ్రీ. అరగదీయక్కర్లేదు.

కరక్కాయ పాలు:
ఈ అరుగుదల వాదాలు తర్వాత. కలంపుల్ల గారూ, ఒకటే మార్గం. ఫ్రేము విప్పి బట్ట వెనక్కి తిప్పండి. చెయ్యి ఆనించి గీసిన గీత వెనక్కి గట్టిగా దిగుతుంది. జారిన బొట్టయితే చుట్టూ మసకగా ఉంటుంది.

కలంపుల్ల:
ఫ్రేము విప్పితే అమ్మ నన్ను విప్పుతుంది. ఆదివారం తను గుడికెళ్ళినప్పుడు చూస్తాను.

(ఆదివారం)

కలంపుల్ల:
విప్పాను. మేకులు నాలుగూ జాగ్రత్తగా దాచాను. వెనక కూడా గీత ఉంది, గట్టిగానే. బొట్టు కాదు.

పాతపుస్తకాల పురుగు:
నేను ముందే చెప్పాను.

కలంపుల్ల:
ఆగండి. ఫోనులో పెద్దది చేసి పద్యమంతా చదివాను, ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక్కో అక్షరం చొప్పున. "వేదంబు"లో ద సరిగానే ఉంది. కానీ మూడో పాదం చివర "మీ పాధ సం" అని ఉంది. అక్కడా అదే గీత, అంతే గట్టిగా.

అమరం కంఠస్థం:
పాధ! ఇక నిధానం సాక్ష్యం చెల్లదు.

పాతపుస్తకాల పురుగు:
ఒకచోట పొరబడినవాడు రెండోచోటా పొరబడాలని లేదు. రెండింటి మధ్యలో "చదువులయ్యా" వస్తుంది కదా, అక్కడ ద ఎలా రాశాడు? అదీ ఒత్తే అయితే ఓడిపోయానని ఒప్పుకుంటాను.

కలంపుల్ల:
సరిగ్గా అక్కడే పాత మడత. దారాలు చిట్లి చదువు మొత్తం పోయింది. "లయ్యా" మాత్రం మిగిలింది.

స్వర్ణముఖి ఒడ్డు:
గోపురం ఫొటో పెట్టమన్నాను.

కలంపుల్ల:
పెట్టాను చూడండి. ఇంకో సంగతి, ఫ్రేములోంచి తీశాక కనబడింది. సాలీడుకి ఆరు కాళ్ళే వేశాడు.

నెమ్మదస్తుడు:
మిగతా రెండూ లింగం వెనక ఉంటాయి.

కరక్కాయ పాలు:
అది వదిలేయండి. అమ్మగారు వచ్చేలోపు మేకులు కొట్టారా?