మూర్ఛ ఆగింది, ఏకాగ్రత రాలేదు: మీ పిల్లల అనుభవం చెబుతారా?

మా పాపకు ఎనిమిదేళ్లు. ఏడాది క్రితం వరకు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని పది సెకన్లు ఎటో చూస్తూ ఉండిపోయేది. రెప్పలు సన్నగా కొట్టుకునేవి. మళ్లీ ఏమీ జరగనట్టే తినేది. పరధ్యానమనుకుని ఎన్నోసార్లు కసిరాను. తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. డాక్టరు గారు కాగితపు గాలిచక్రం ఇచ్చి గట్టిగా ఊదమన్నప్పుడు ఆయన ఎదుటే అలా ఆగిపోయింది. మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష తీసి, ఇలా కొద్ది సెకన్లు ఎరుక తప్పే ఆబ్సెన్స్ మూర్ఛ అన్నారు.

వాల్ప్రోయేట్ అనే మూర్ఛ మందు మొదలుపెట్టాక అలా ఆగిపోవడం పూర్తిగా తగ్గింది. కానీ చదువు మాత్రం అక్కడే ఉంది. డిక్టేషన్‌లో సగం వాక్యం రాసి కలం ఆపేస్తుంది. రాత్రి అప్పజెప్పిన ఆరో ఎక్కం ఉదయానికి గుర్తుండదు. కథలు మాత్రం చక్కగా చెబుతుంది, తెలివి తక్కువని నేను ఒప్పుకోను.

మూర్ఛ అదుపులో ఉన్నా కొందరు పిల్లల్లో ఏకాగ్రత లోపం మిగులుతుందట. ఇథోసక్సిమైడ్ అనే మరో మూర్ఛ మందు వాడినవారి కంటే వాల్ప్రోయేట్ వాడినవారిలో అది ఎక్కువగా కనిపించిందని 2010లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన గురించి చదివాను. మందు మా అంతట మేము మార్చం, డాక్టరు గారినే అడుగుతాం. అయితే ఆయనను ఏమని అడగాలి? మీలో ఎవరైనా మందు మార్పించాక తేడా చూశారా? జ్ఞాపకశక్తి, ఏకాగ్రత కొలిచే పరీక్షలు ఏ వయసులో చేయించారు? తెలుగు మాధ్యమం పిల్లలకు అవి తెలుగులో చేస్తారా? బడిలో టీచరుకు ఎలా చెప్పారు?