జంట తార గ్రహణం తొమ్మిది నిమిషాలు ముందే వస్తోంది, తప్పు ఎక్కడ ఉంది?

విజయనగరం మేడ:
రాత్రి నుంచి ఈ లెక్కతోనే కూర్చున్నాను, కళ్లు మండుతున్నాయి. మేము చందాలతో కట్టుకున్న పరిశీలనశాలలో మూడు రోజుల తేడాతో రెండు రాత్రులు ఫొటోలు తీశాం. జంటలో ఒక తార రెండోదాన్ని కప్పినప్పుడు వెలుగు తగ్గి మళ్లీ పెరిగిన గీత చక్కగా వచ్చింది. కానీ అట్టడుగు బిందువు రెండుసార్లూ గ్రహణ సమయాల పట్టికలోని సమయం కంటే తొమ్మిది నిమిషాలు ముందే పడింది. కెమెరా గడియారం సరిచూశాను. మన సమయాన్ని అంతర్జాతీయ కాలమానంలోకి మార్చడానికి అయిదున్నర గంటలు తీసివేశాను. ఒక్క రాత్రే అయితే నా పొరపాటు అనుకునేవాణ్ణి. దయచేసి ఎవరైనా చెప్పండి.

బొబ్బిలి:
ఏ తార? ఏ నెల? పట్టికలో ఏ కాలమానం?

లెక్కల మాస్టారు, శ్రీకాకుళం:
బాబూ, మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానివి. మీ ఊరు దానికి దాదాపు ఒక డిగ్రీ తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే మీ స్థానిక కాలం సుమారు నాలుగు నిమిషాలు ముందుంటుంది. తొమ్మిదిలో నాలుగు అక్కడే పోయాయి. ఈ సంగతి బడిలో సరిగా చెప్పడం మానేశారు, అదే నా బాధ.

బొబ్బిలి:
స్థానిక కాలం ఇక్కడ పనికిరాదు మాస్టారూ. ఆయన వాడింది గడియారం.

రాజాం వాసి:
మీరు వెలుగును ఏ తారతో పోల్చారు? పెర్సియస్ నక్షత్రమండలంలోని ఆల్గాల్ అయితే, చాలామంది పక్కనే ఉందని రో పెర్సీని తీసుకుంటారు. అది కూడా వెలుగు మారే చరతారే, దాని పరిమాణం (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 3.3 నుంచి 4 దాకా మారుతుంది. కదిలే తక్కెడతో తూకం వేసినట్టే. డెల్టా పెర్సీ, ఎప్సిలాన్ పెర్సీ తీసుకోండి. మరొక మాట, ఫోకస్ కొంచెం చెదరగొట్టకపోతే 2.1 పరిమాణం గల తార తెల్లగా నిండిపోయి కొలతే రాదు. నవంబరు మంచులో లెన్సు తడవకుండా ఏం చేస్తున్నారు?

విజయనగరం మేడ:
అవును, ఆల్గాలే. వేరే చెప్పాలా అనుకున్నాను. ఈ నవంబరులోనే తీశాం. పోల్చింది రోతోనే, అది మారుస్తాను. పట్టికలో సమయం పక్కన హెచ్‌జేడీ అని ఉంది. రోజులను వరుసగా లెక్కపెట్టే జూలియన్ దినసంఖ్యే కదా?

బొబ్బిలి:
కాదు. మొదటి అక్షరం హెచ్ అంటే హీలియో, సూర్యుడిది. మీ జవాబు అదే.

నెల్లిమర్ల:
కాస్త వివరంగా చెబుతాను. ఆ పట్టిక, సూర్యుడి దగ్గర నిలబడి చూసినవాడి సమయం. నవంబరులో భూమి సూర్యుడికీ ఆల్గాల్‌కూ మధ్య వైపున ఉంటుంది కనుక ఆ వెలుగు ముందు మనకే అందుతుంది. ఆల్గాల్ భూకక్ష్య తలానికి 22 డిగ్రీల పైన ఉంది కాబట్టి సూర్యుడి నుంచి భూమికి కాంతి పట్టే పూర్తి 8.3 నిమిషాలు రావు, 7.7 వస్తాయి. ఆ 7.7 నిమిషాలను మీ సమయానికి కలపండి, దీన్నే సూర్యకేంద్ర సవరణ అంటారు. 1676లో డెన్మార్క్ శాస్త్రవేత్త రోమర్ గురుగ్రహ చంద్రుడు అయో గ్రహణాల్లో ఇలాంటి తేడానే చూసి కాంతికి వేగం ఉందని చెప్పాడు. మీరు మేడమీద అదే చూశారు!

లెక్కల మాస్టారు, శ్రీకాకుళం:
రోమర్ సంగతి ఒప్పుకుంటాను. అయితే ‘సూర్యకేంద్ర సవరణ’ అనకండి. సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి లెక్కకట్టడమే నేటి పద్ధతి.

బొబ్బిలి:
ఆ తేడా కొన్ని సెకన్లు మాత్రమే. ఫొటో గీతలో కనబడదు.

లెక్కల మాస్టారు, శ్రీకాకుళం:
కనబడకపోయినా మాట సరిగా ఉండాలి. మరి జంట తార అంటున్నారు, ఆల్గాల్‌లో మూడు తారలున్నాయి.

నెల్లిమర్ల:
మాస్టారు చెప్పిన మూడో తారే ఇక్కడ కీలకం. తొమ్మిదిలో 7.7 పోతే ఇంకా నిమిషానికి పైగా మిగులుతుంది. దాన్ని కొలతలో పొరపాటని కొట్టేయకండి. ఆ మూడో తారతో పాటు జంట సుమారు 680 రోజులకోసారి మనకు దగ్గరగా, దూరంగా ఊగుతుంది, అందువల్ల కనిష్ఠాలు (వెలుగు అట్టడుగుకు చేరే సమయాలు) కొద్ది నిమిషాలు ముందువెనుకలవుతాయి. రెండు రాత్రులతో ఏమీ తేల్చలేము. అయినా వదలకుండా నమోదు చేస్తూ పోతే, ఆ ఊగిసలాట మీ గీతల్లోనే కనబడుతుంది. 1783లో ఇంగ్లండులో గుడ్రిక్ టెలిస్కోపు లేకుండానే ఆల్గాల్ గ్రహణాల కాలవ్యవధి కట్టాడు. మన విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840లో తన ఇంటి దగ్గరే పరిశీలనశాల పెట్టారు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో అక్కడినుంచే శుక్ర సంక్రమణం (శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం) చూశారు. ఈ ప్రాంతానికి ఈ పని కొత్త కాదు.

రాజాం వాసి:
లెన్సు తడి గురించి ఎవరూ చెప్పలేదు. మా దగ్గర తెల్లవారుజామున మూడింటికే నీరు కారుతోంది.

విజయనగరం మేడ:
కలిపాను. ఇక మిగిలింది 1.3 నిమిషాలు. రెండు రాత్రులకూ అంతే. ధన్యవాదాలు అందరికీ. ఎల్లుండి రాత్రి మళ్లీ కనిష్ఠం ఉంది, ఈసారి డెల్టాతో.

రాజాం వాసి:
మబ్బు లేకపోతే మా వాళ్లమూ తీస్తాం. తడి సంగతి ఎవరికైనా తెలిస్తే రాయండి.