రిపోర్టులన్నీ నార్మల్, అరికాళ్ళు మాత్రం మంట: నరాల మందు మొదలుపెట్టొచ్చా?

వైట్‌ఫీల్డ్‌వాసి:
కొన్ని నెలలుగా రాత్రిళ్ళు రెండు అరికాళ్ళూ మంటలు, సూదులు గుచ్చినట్టు పోట్లు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేక, లేచి వెళ్ళి బాత్రూమ్ గచ్చు మీద పాదాలు ఆనించి నిలబడుతున్నాను. షుగరు లేదు, థైరాయిడ్ బాగానే ఉంది. బి12 240, నార్మల్ అనే వేశారు. నరాలకు కరెంటు పెట్టి చూసే ఎన్‌సీఎస్ కూడా నార్మలే. అయినా డాక్టరు గారు నరాల నొప్పికిచ్చే ప్రీగాబాలిన్, మిథైల్‌కోబాలమిన్ కలిసిన క్యాప్సూల్ రాశారు. ఇంకా వేసుకోలేదు. జబ్బేంటో తెలియకుండా మందు వాడటం సబబేనా?

రాగిసంకటి:
వద్దు, అన్నా. మా బావగారు ఇలాగే మొదలుపెట్టారు. పగలంతా మత్తు, ఒళ్ళు లావెక్కింది, కాళ్ళు వాచాయి. మందు వేస్తే అసలు జబ్బు మరుగున పడిపోతుంది. నిమ్హాన్స్ నరాల ఆసుపత్రిలో చూపించుకో, కారణం తేలేదాకా ఆగు.

తుంగభద్ర:
రాగిసంకటి గారూ, ఆగమనడం దగ్గరే నాకు అభ్యంతరం. నాదీ ఇదే బాధ. కొందరికి ఎంత వెతికినా కారణం దొరకదు. అప్పటిదాకా నిద్ర లేకుండా ఎలా బతుకుతారు?

ఎన్‌సీఎస్ నార్మల్ అంటే నరాలన్నీ బాగున్నాయని కాదు. అది లావు నరాలనే కొలుస్తుంది. మంట, వేడి, చలి తెలియజేసేవి సన్న నరాలు. వాటి సంగతి తేలాలంటే చీలమండ పైన చిన్న చర్మపు ముక్క తీసి, అందులోని నరాల కొసలు లెక్కపెట్టాలి. ప్రీగాబాలిన్ వేసుకుంటున్నా ఆ పరీక్షలో కనిపించేది కనిపిస్తుంది.

దాచేది దాంతో కలిపిన మిథైల్‌కోబాలమిన్. అది బి12 రకమే. 200 దాటితే చాలా ల్యాబులు నార్మల్ అంటాయి గానీ, 200 నుంచి 300 దాకా సందేహమే. శాకాహారులైతే, గ్యాస్ మాత్రలు ఏళ్ళ తరబడి మింగేవాళ్ళైతే మరీనూ. బి12 లోపాన్ని పట్టిచ్చే రక్తపరీక్షలు హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ యాసిడ్ చేయించకముందే ఆ క్యాప్సూల్ మింగితే అంకెలు మారిపోతాయి, లోపం ఉండేదో లేదో ఇక తెలియదు. రేపు నొప్పి తగ్గినా ఏ మందుకు తగ్గిందో చెప్పలేం. అందుకే నేను విడివిడి మందులే అడుగుతాను.

ప్రీగాబాలిన్ అందరికీ పనిచేయదు కూడా. 2015లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే అదనంగా ఒక్కరి నొప్పి సగానికి తగ్గాలంటే దాదాపు ఎనిమిది మందికి ఇవ్వాలి. అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులైతే నలుగురికి. కాకపోతే వాటితో నోరెండుతుంది, మలబద్ధకం వస్తుంది, గుండె జబ్బున్నవాళ్ళకు జాగ్రత్త కావాలి. డ్యులాక్సెటిన్ ఇంకో దారి. నాకు ప్రీగాబాలిన్ పడలేదు, రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ కుదిరింది. మంట పూర్తిగా పోలేదు గానీ దుప్పటి కప్పుకోగలుగుతున్నాను.

మారతహళ్ళి మెడికల్స్:
మందుల షాపు నడుపుతాను కాబట్టి ఒక మాట. ప్రీగాబాలిన్ ఉన్నట్టుండి మానేయకండి, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. కిడ్నీ సమస్య ఉంటే మోతాదు మారుతుంది, క్రియాటినిన్ రిపోర్టు చూపించండి. ఇంకోటి, నరాల బలానికని రెండు మూడు రకాల బి కాంప్లెక్స్ కలిపి కొంటున్నారు. వాటిలోని బి6 ఎక్కువైతే దానివల్లే తిమ్మిర్లొస్తాయి.

రాగిసంకటి:
బి12 సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ మత్తులో అవుటర్ రింగ్ రోడ్డు మీద బండి నడపొద్దని మా బావగారికి ఎవరూ చెప్పలేదు. పరీక్షలయ్యాకే అని ఇప్పటికీ అంటాను.

తుంగభద్ర:
మొదటి రోజుల్లో బండి తీయొద్దు, అది నిజం. కానీ పొద్దున రక్తమిచ్చి రాత్రికి మాత్ర వేసుకోవచ్చు కదండీ. చర్మం పరీక్ష తర్వాతైనా చేయించుకోవచ్చు. ఆగకూడనిది వేరే ఉంది: తిమ్మిరి పైకి పాకుతూ కాళ్ళు పట్టుతప్పినా, మూత్రం దగ్గర తేడా వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

వైట్‌ఫీల్డ్‌వాసి:
అలాంటివేం లేవండి. విడి మందు రాయమని డాక్టరు గారిని అడుగుతాను. హోమోసిస్టీన్‌కు పరగడుపున వెళ్ళాలా?

మారతహళ్ళి మెడికల్స్:
పరగడుపునే మేలు. మంచినీళ్ళు తాగొచ్చు.